ఊరూ కాదు, నగరమూ కాదు: శివార్ల పేదరికం లెక్కకు ఎందుకు అందదు?

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డు మీద నగరం దాటుతుండగా భన్‌పురి, ఆ తర్వాత బీర్‌గావ్ వస్తాయి. పేరులో ‘గావ్’ ఉన్నా ఇప్పుడది ఊరు కాదు. పక్కనే ఉర్లా పారిశ్రామికవాడ, ఇంకాస్త ముందుకు వెళ్తే సిల్తరా. స్పాంజ్ ఐరన్ బట్టీలు, ఇండక్షన్ ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు వరుసగా కనిపిస్తాయి. దేశంలో కట్టే ఇళ్లకు, వంతెనలకు వెళ్లే ఇనుప చువ్వల్లో చాలా వాటా ఈ రాయ్‌పూర్ చుట్టుపక్కల మిల్లులదే.

ఇంత ఇనుము తయారయ్యే చోట, వేలమందికి రోజూ పని దొరికే చోట పేదరికం ఎందుకుంటుంది? ఆ పేదరికం ప్రభుత్వాల లెక్కల్లో విడిగా ఎందుకు కనిపించదు? బీర్‌గావ్ గురించి అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఇవే ప్రశ్నలు హైదరాబాద్ శివార్లకూ, ఇంకా దూరంగా అమెరికా సబర్బ్‌లకూ వర్తిస్తాయి.

పేదరికం అనగానే సాధారణంగా రెండు చోట్లు గుర్తొస్తాయి. ఒకటి వాన లేక పంట పోయిన పల్లె. రెండోది నగరం నడిమధ్యలోని మురికివాడ. పథకాలన్నీ ఈ రెంటినీ దృష్టిలో పెట్టుకునే తయారయ్యాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న శివారు మాత్రం ఎవరి ఖాతాలోనూ సరిగ్గా పడదు.

బీర్‌గావ్ ఎలా పెరిగింది?

ఛత్తీస్‌గఢ్ విడి రాష్ట్రం కాకముందే, మధ్యప్రదేశ్ హయాంలోనే ఉర్లాలో పరిశ్రమలు మొదలయ్యాయి. ఇనుప ఖనిజం దగ్గర, బొగ్గు దగ్గర, హౌరా-ముంబయి రైలు మార్గం పక్కనే. పెద్ద నగరం ఆనుకునే ఉంది కానీ భూమి ధర నగరంలో అంత లేదు. పరిశ్రమకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక ఇనుముకు గిరాకీ పెరిగింది. స్పాంజ్ ఐరన్ యూనిట్లు సిల్తరా వైపు బారులు తీరాయి.

పని ఉన్న చోటికి మనుషులు వచ్చారు. చుట్టుపక్కల జిల్లాల్లోని చిన్న రైతులు, పశ్చిమ ఒడిశా నుంచి, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చేరారు. వాళ్లకు ఇల్లు ఎక్కడ దొరుకుతుందో పరిశ్రమలు పెట్టినవాళ్లు గానీ, స్థలాలు కేటాయించిన ప్రభుత్వం గానీ ముందుగా ఆలోచించలేదు. దాంతో పాత ఊరి చుట్టూ వరుస గదులు లేచాయి. ఒక్క గది, ముందు చిన్న వరండా, పది కుటుంబాలకు ఒకటో రెండో మరుగుదొడ్లు. దేశంలో పారిశ్రామిక శివార్లన్నీ దాదాపు ఇలాగే పెరిగాయి.

2011 జనాభా లెక్కల నాటికి రాయ్‌పూర్ నగరంలో 10 లక్షల పైచిలుకు జనం ఉంటే, బీర్‌గావ్‌లో లక్షకు అటూ ఇటూగా ఉన్నారు. మొదట పురపాలక సంఘంగా ఉన్న బీర్‌గావ్ తర్వాత విడి నగరపాలక సంస్థ అయ్యింది. 2021 డిసెంబరులో ఇక్కడి 40 వార్డులకు ఎన్నికలు జరిగాయి. అంటే కాగితం మీద ఇది రాయ్‌పూర్‌లో భాగం కాదు, మరో నగరం. బతుకు మాత్రం రాయ్‌పూర్‌తోనే ముడిపడి ఉంది.

తెలుగువారికి ఈ ప్రాంతం కొత్తేమీ కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలు మార్గం 1931లో పూర్తయింది. రైల్వే ఉద్యోగాలతో, ఆ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారంతో తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. అప్పటి వలసకూ ఇప్పటి వలసకూ ఒక పెద్ద తేడా ఉంది. రైల్వే, ప్రభుత్వరంగ ఉక్కు కర్మాగారం ఉద్యోగంతోపాటు క్వార్టరు, ఆస్పత్రి, బడి కూడా ఇచ్చాయి. ఉర్లా, సిల్తరాల్లోని కాంట్రాక్టు పని రోజు కూలి తప్ప మరేదీ ఇవ్వదు.

పని ఉన్నా పేదరికం ఎందుకు?

ఈ ప్రశ్నకు మొదటి జవాబు కాంట్రాక్టు పద్ధతిలోనే ఉంది. మిల్లు యజమానికి, కొలిమి ముందు నిలబడే కార్మికుడికి మధ్య కాంట్రాక్టరు ఉంటాడు. హాజరు పుస్తకం కాంట్రాక్టరుదే, కూలి పంచేదీ అతనే. చిన్న మిల్లుల్లో 12 గంటల షిఫ్టు మామూలు మాట. గిరాకీ తగ్గితే మొదట ఆగిపోయేది ఈ పనే. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఆ బాధ్యతను యజమాని మీదే ఉంచింది. కానీ తాను ఆ మిల్లులోనే పనిచేశానని రుజువు చేసుకోవడానికి కార్మికుడి చేతిలో ఒక్క కాగితం కూడా లేకపోతే ఆ చట్టం అక్కరకు రాదు.

ఈ సమస్య మీద ఇక్కడ పెద్ద పోరాటమే నడిచింది. దల్లీ రాజ్‌హరా గనుల్లో కాంట్రాక్టు కార్మికులను కూడగట్టిన శంకర్ గుహా నియోగి, 1990 ప్రాంతంలో భిలాయి, ఉర్లా, టెడేసరా పారిశ్రామికవాడల వైపు వచ్చారు. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా అడిగినవి గొంతెమ్మ కోరికలు కావు. బతకడానికి సరిపడా కూలి, శాశ్వత ఉద్యోగం, సంఘం పెట్టుకునే హక్కు అడిగారు. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రలో ఉన్న నియోగిని కాల్చి చంపారు. 1992 జులై 1న భిలాయిలో రైలు పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు జరిపిన కాల్పుల్లో 16 మంది ప్రాణాలు కోల్పోయారు. అది జరిగి మూడు దశాబ్దాలు దాటింది. ఆనాటి డిమాండ్లు మాత్రం పాతబడలేదు.

రెండో జవాబు గాలిలో ఉంది. స్పాంజ్ ఐరన్ తయారీలో ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి, తిరిగే పొడవాటి బట్టీలో సుమారు 1,000 డిగ్రీల వేడిలో కాలుస్తారు. దాని నుంచి వచ్చే మసిని పట్టే యంత్రాలు ఉంటాయి. అవి కరెంటుతో నడుస్తాయి. కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రిపూట వాటిని ఆపేస్తారన్నది దేశంలో స్పాంజ్ ఐరన్ బట్టీలున్న దాదాపు ప్రతిచోటా వినిపించే ఫిర్యాదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన నగరాల వాయు కాలుష్య పట్టికలో దిల్లీ, పట్నా, గ్వాలియర్‌ల వెంటే రాయ్‌పూర్ ఉంది. నగరానికి వచ్చిన ఆ పేరులో ఎక్కువ భాగం మోసేది ఈ ఉత్తర శివారే. దగ్గు, ఆయాసం వస్తే కాంట్రాక్టు కూలీకి సెలవు ఉండదు. పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది, మందుల ఖర్చు మీద పడుతుంది. సంపాదన ఉన్న ఇల్లు అప్పులోకి జారేది ఇక్కడే.

మూడో జవాబు పన్నులది. పారిశ్రామికవాడ స్థలాలు, లోపలి రోడ్లు రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ చేతిలో ఉంటాయి. కార్మికుల గదులు, వాటికి కావాల్సిన నీళ్లు, మురుగు కాల్వలు, చెత్త మాత్రం స్థానిక సంస్థ బాధ్యత. సిల్తరా ఫ్యాక్టరీ గేటు బీర్‌గావ్ హద్దు బయట ఉంటుంది. అక్కడ పనిచేసే మనిషి అద్దె గది బీర్‌గావ్‌లో ఉండొచ్చు. ఆదాయం ఒక హద్దులో పోగుపడుతుంది, దాన్ని సృష్టించే మనుషుల అవసరాలు మరో హద్దులో మిగిలిపోతాయి. శివారు పేదరికానికి మూలం ఈ ఎడం.

అమెరికాలో ఏం జరిగింది?

ఎడిసన్, ఇర్వింగ్, ఫ్రిస్కో. తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే ఈ అమెరికా ఊళ్లన్నీ శివారు పట్టణాలే. అక్కడ సబర్బ్ అంటే పచ్చిక, రెండు కార్లు, మంచి బడి అన్న అర్థం స్థిరపడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వ హామీతో వచ్చిన ఇంటి రుణాలు, 1956 చట్టంతో వచ్చిన హైవేలు మధ్యతరగతిని నగరం నుంచి శివార్లకు చేర్చాయి. నల్లజాతి కుటుంబాలను మాత్రం ఆ రుణాలకు దూరంగా ఉంచారు. పేదరికం నగరం నడిమధ్యలోనే ఉంటుందన్న అభిప్రాయం అలా పాతుకుపోయింది.

21వ శతాబ్దం మొదలయ్యాక ఆ లెక్క తిరగబడింది. బ్రూకింగ్స్ సంస్థకు చెందిన ఎలిజబెత్ నీబోన్, అలన్ బెరూబే 2013లో ప్రచురించిన పుస్తకం ప్రకారం, 2000 నుంచి 2011 మధ్య అమెరికా పెద్ద నగరాల శివార్లలో పేదల సంఖ్య 64 శాతం పెరిగింది. 2011 నాటికి శివార్లలో 1.64 కోట్ల మంది పేదలుంటే, నగరాల్లో 1.34 కోట్ల మంది ఉన్నారు.

ఇందుకు కారణాలు అనేకం. నగరాల్లో అద్దెలు పెరిగి పేదలు బయటకు కదిలారు. తక్కువ జీతాల ఉద్యోగాలు శివార్ల మాల్స్‌కు, గోదాములకు తరలాయి. కొత్తగా వచ్చిన వలసదారులు నేరుగా శివార్లలోనే దిగారు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఉన్న ఇళ్లు పోయాయి. పేదలు అందరూ బయటి నుంచి వచ్చినవాళ్లే కాదు. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్న కుటుంబాలు కూడా ఉద్యోగం పోయి పేదలయ్యాయి.

కారు ఉన్నవాళ్ల కోసం కట్టిన ఊళ్లలో కారు లేనివాళ్లు ఇరుక్కుపోయారు. బస్సు ఉండదు, ప్రభుత్వ ఆస్పత్రి దూరం, ఉచిత భోజన కేంద్రాలు నగరంలోనే ఉంటాయి. ప్రాంతాలవారీగా పేదరికాన్ని ఎదుర్కొనే కేంద్ర పథకాలు 80కి పైగా ఉన్నా అవి నగరాల కోసమో పల్లెల కోసమో రూపొందినవని ఆ పుస్తకం ఎత్తిచూపింది.

సరిహద్దుల సమస్య అక్కడ ఎంత దూరం వెళ్లిందో ఫెర్గూసన్ చూపించింది. సెయింట్ లూయిస్ చుట్టూ ఉన్న జిల్లాలో దాదాపు 90 చిన్న పురపాలికలున్నాయి. వాటిలో ఫెర్గూసన్ ఒకటి. పన్నుల ఆదాయం చాలక అలాంటి ఊళ్లు జరిమానాల మీద ఆధారపడ్డాయి. 2014 ఆగస్టులో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడిని పోలీసు కాల్చి చంపాక జరిగిన విచారణలో ఇదంతా బయటపడింది. ఫెర్గూసన్ 2015 బడ్జెట్‌లో సుమారు 1.33 కోట్ల డాలర్ల ఆదాయం అంచనా వేస్తే, అందులో దాదాపు 31 లక్షల డాలర్లు జరిమానాలు, రుసుముల నుంచే రావాలని అమెరికా న్యాయశాఖ నివేదిక తేల్చింది. ఊరు పేదదైతే ఆ ఊరి ఖజానా కూడా పేదల జేబులోంచే నిండాలని చూస్తుందన్నమాట.

రెండు దేశాల దారులు వేరు. అమెరికాలో సంపన్నుల కోసం కట్టిన శివార్లలోకి పేదరికం తర్వాత వచ్చింది. బీర్‌గావ్ లాంటి చోట్ల శివారు పుట్టిందే కూలీల గదులతో. కానీ చివరికి కనిపించేది ఒకటే. పేదలున్న హద్దులో డబ్బు ఉండదు, డబ్బున్న హద్దుకు ఆ పేదలతో సంబంధం ఉండదు.

హైదరాబాద్ చుట్టూ ఏం జరుగుతోంది?

ఇదే పరిస్థితిని తెలుగు నేల మీద చూడాలంటే జవహర్‌నగర్ వెళ్లాలి. హైదరాబాద్ మహానగరం చెత్తంతా ఏళ్ల తరబడి వెళ్లింది అక్కడికే. 2011లో జవహర్‌నగర్ ఆ మహానగర హద్దులో లేదు. జనాభా లెక్కల పుస్తకంలో అది ‘సెన్సస్ టౌన్’. అంటే చూడటానికి పట్టణం, పాలన మాత్రం గ్రామపంచాయతీది. చెత్త నగరానిది, వాసన, పాడైన భూగర్భజలం పంచాయతీవి. 2019లో అది విడి నగరపాలక సంస్థ అయ్యింది. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాల్లోని 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్ఎంసీలో కలిపినప్పుడు అదీ కలిసింది. చెత్త, ఆ చెత్త పక్కన బతికే జనం ఒకే పాలన కిందికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

నగరం మధ్యలో చోటు లేని పేదలను శివార్లకు పంపడం మరో ధోరణి. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను ప్రారంభించారు. దేశంలోనే పెద్ద పేదల గృహ సముదాయాల్లో అదొకటి. ఇల్లు పక్కా. అద్దె బాధ తప్పింది. కానీ నగరంలో ఇళ్లలో పనిచేసే మహిళకు, తోపుడు బండి వ్యాపారికి, అడ్డా కూలీకి పని పాతచోటే ఉంది. రోజూ రెండు మూడు బండ్లు మారి వెళ్తే ఛార్జీలకే కూలిలో కొంత పోతుంది. అందుకే పని దూరమైందని చెప్పినవాళ్లు, ఇల్లు వచ్చినా వెంటనే చేరనివాళ్లు ఉన్నారు. ఇల్లు ఆస్తిగా మిగలాలంటే దాని దగ్గర బస్సు, బడి, ఆస్పత్రి, పని కూడా ఉండాలి.

టిట్లాగఢ్ వైపు నుంచి ఒక రైలు రాయ్‌పూర్‌కు కూలీలను తెస్తుంటే, బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి మరో ప్రవాహం తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తుంది. దసరా దాటాక అడ్వాన్సు తీసుకుని కుటుంబాలతో సహా వచ్చి, వానలకు ముందు వెళ్లిపోతారు. ఒకే కరవు ప్రాంతం నుంచి బయల్దేరినవాళ్లు రెండు రాష్ట్ర రాజధానుల పొలిమేరల్లో తేలుతున్నారు. సొంతూళ్లో వాళ్ల పేరు జాబితాలో ఉంటుంది, వాళ్లు ఉండరు. వచ్చిన చోట వాళ్లుంటారు, పేరుండదు.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రభుత్వ సర్వేలకు తెలిసినవి రెండే పెట్టెలు: గ్రామీణ, పట్టణ. గృహ వినియోగ వ్యయ సర్వే 2023-24 ప్రకారం ఛత్తీస్‌గఢ్ పట్టణాల్లో మనిషికి నెలసరి సగటు ఖర్చు 4,927 రూపాయలు. పెద్ద రాష్ట్రాల్లో అదే అతి తక్కువ. తెలంగాణ పట్టణాల్లో అది 8,978 రూపాయలు. ఈ అంకెలు రాష్ట్రాల మధ్య తేడా చెబుతాయి. కానీ రాయ్‌పూర్‌లోని ఖరీదైన కాలనీ, బీర్‌గావ్‌లోని వరుస గది రెండూ అదే ‘పట్టణ’ సగటులో కలిసిపోతాయి. మాదాపూర్, జవహర్‌నగర్ కూడా అంతే. తెలంగాణ సగటు ఎంత పెద్దదైతే, దాని కింద శివారు అంత లోతుగా మునిగిపోతుంది.

మురికివాడల లెక్కా అంతే. 2011లో మురికివాడల గణన చట్టబద్ధంగా ప్రకటించిన 4,041 పట్టణాలకే పరిమితమైంది. అప్పటికి దేశంలో సెన్సస్ టౌన్లు 3,894 ఉన్నాయి. 2001లో అవి 1,362 మాత్రమే. పదేళ్లలో దాదాపు మూడింతలైన ఈ ఊళ్లలో ఎంత ఇరుకైన బస్తీ ఉన్నా అది మురికివాడగా లెక్కకు రాలేదు. లెక్కలో లేని బస్తీకి మురికివాడల నిధులు రావు.

తీరా ఊరు పట్టణంగా మారితే మరో చిక్కు. గ్రామీణ ఉపాధి హామీ ఆగిపోతుంది. దాని బదులు పట్టణ పేదలకు అలాంటి హామీ దేశవ్యాప్తంగా లేదు. గృహ నిర్మాణ పథకం కింద సొంతంగా ఇల్లు కట్టుకోవడానికి సాయం కావాలంటే సొంత స్థలం చూపాలి. అద్దె గదిలో ఉండే కార్మికుడికి అది అందదు. రేషన్ విషయంలో మాత్రం ‘ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు’ 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. ఒడిశా కార్డుతో రాయ్‌పూర్‌లో బియ్యం తీసుకునే వీలుంది. శివారు మనిషి వెంట నడిచిన పథకాలు అరుదు, అందులో ఇదొకటి.

ఇప్పుడు తేలాల్సింది ఏమిటి?

జనగణన 2027 ఈ అంశానికి కీలకం. ఇళ్ల నమోదు 2026లో, జనాభా గణన 2027 ఫిబ్రవరిలో జరిగేలా షెడ్యూలు వేశారు. 2025 డిసెంబరు 31 నాటికి ఉన్న పాలనా సరిహద్దులే దానికి ఆధారం. 2011 తర్వాత దేశం తన పట్టణాలను మళ్లీ లెక్కపెట్టుకోవడం ఇదే మొదటిసారి. నగరం, దాని చుట్టూ ఉన్న పట్టణాలు, సెన్సస్ టౌన్లను వార్డు స్థాయిలో విడివిడిగా పోల్చి చూస్తే శివారు పేదరికం తొలిసారి స్పష్టంగా కనిపిస్తుంది. పాత పద్ధతిలో ‘పట్టణ’ అన్న ఒక్క మొత్తంలో కలిపేస్తే మరో పదేళ్లు మరుగునే ఉండిపోతుంది.

లెక్కతోపాటు పన్నుల పంపకం కూడా మారాలి. తెలంగాణలో పారిశ్రామికవాడల స్థానిక పాలన ‘ఐలా’ల చేతిలో ఉంటుంది. అవి వసూలు చేసే ఆస్తి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు వెళ్లాలన్నది నియమం. ఆ వాటా చాలా, అది కార్మికులు నిజంగా నివసించే ఊరికే చేరుతోందా అన్నది వేరే చర్చ. కానీ ఫ్యాక్టరీ ఆదాయంలో కార్మికుల బస్తీకి వాటా ఉంటుందన్న సూత్రం అందులో ఉంది. సిల్తరాలో పనిచేసి బీర్‌గావ్‌లో నిద్రపోయే మనిషి విషయంలో ఆ సూత్రమే ముఖ్యం.

విలీనాలు వాటంతటవే పరిష్కారం కావు. పెద్ద నగరంలో కలిస్తే నిధులు పెరగవచ్చు, కానీ శివారు వార్డు గొంతు వందల వార్డుల మధ్య వినపడకుండా పోవచ్చు. విడిగా ఉంటే మేయరు దగ్గరే ఉంటారు, ఖజానా ఖాళీగా ఉంటుంది. 90 పురపాలికలుగా చీలిన సెయింట్ లూయిస్ శివార్లు రెండోదానికి ఉదాహరణ. హైదరాబాద్ విలీనం మొదటిదానికి పరీక్ష కాబోతోంది.

నగరాలు పెరిగేది శివార్లలోనే. మిల్లు, గోదాము, డంప్‌యార్డు, పేదల గృహ సముదాయం అన్నీ అటే వెళ్తున్నాయి. వాటి వెంటే మనుషులూ వెళ్తున్నారు. ఆ మనుషులను ఏ హద్దులో లెక్కపెడతారు, వాళ్ల నల్లాకు, బస్సుకు, ఆస్పత్రికి ఏ ఖజానా డబ్బు కడుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికే వరకు, రాయ్‌పూర్ ఇనుము దేశమంతటికీ వెళ్తూనే ఉంటుంది. దాని మసి, దాన్ని కరిగించిన మనిషి అప్పు మాత్రం బీర్‌గావ్‌లోనే ఉండిపోతాయి.